రంగు చూసి కొనే తీపి

హిందూపురం చుట్టుపక్కల బెల్లం వండేవాళ్ళకి ఏడాది జనవరిలో మొదలవదు. దీపావళి దాటాక గానుగ కదిలిన రోజు మొదలవుతుంది. ఉగాది వెళ్ళి, ఎండలు ముదిరి, పొయ్యి చల్లారాక ముగుస్తుంది. ఆ తర్వాతి ఖాళీ వారాల్లో లెక్కలు చూసుకుంటారు. ఎన్ని బండ్ల చెరుకు ఆడింది, ఎన్ని పెనాలు దిగాయి, మండీలో ఎంత బాకీ తీరింది, ఇంకెంత మిగిలింది. వీటన్నిటికంటే ముందు ఒకరినొకరు అడిగే మాట ఇంకోటుంది: “ఏమప్పా, ఈసారి రంగొచ్చిందా?”

తియ్యగా ఉందా అని అడగరు. బెల్లం తియ్యగా కాక ఎలా ఉంటుంది! వేలంలో కొనేవాడు నోట్లో వేసుకుని చూసేది తక్కువ, అచ్చు విరిచి వెలుతురులో పెట్టి చూసేది ఎక్కువ. ఆ చూపుతోనే క్వింటాలు ధర పైకో కిందకో పోతుంది. అందుకే ఈ ప్రాంతపు బెల్లం చరిత్ర రాయాలంటే రుచి వెంట కాకుండా రంగు వెంట వెళ్ళడం మంచిదని నాకనిపిస్తుంది. ఏ రంగు మంచి రంగో ఎవరు తేల్చారు, ఎప్పుడెప్పుడు మార్చారు అన్నది చూస్తే నీళ్ళు, రైలు, ఫ్యాక్టరీ, సారా చట్టం అన్నీ వరసగా అందులోకి వచ్చేస్తాయి.

ముందు పెనం దగ్గరికి వెళ్దాం. రంగు పుట్టేది అక్కడే (చెడేది కూడా అక్కడే).

కోసిన చెరుకు ఒక రోజులోగా గానుగలో పడాలి. ఎండలో పడుంటే గడలోని చక్కెర విరిగి, గడ్డకట్టని రకం చక్కెరలుగా మారుతుంది. ఆ రసాన్ని ఎంతసేపు కాచినా జిగటగా సాగుతుందే గానీ అచ్చు నిలబడదు. గానుగ నుంచి దిగిన రసాన్ని వడగట్టి వెడల్పాటి ఇనప పెనంలో పోస్తారు. కింద పొయ్యిలో కాలేది ఆ చెరుకు పిప్పే, ఎండబెట్టింది. వేడెక్కే రసంలో కాస్త సున్నపు తేట పోస్తారు, పులుపు విరగడానికి. తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడుతుంది. బెండ మొక్కల కాండాలు నలిపి ఆ జిగురు కలుపుతారు. రసంలోని మడ్డిని అది పట్టుకుని తెట్టులా పైకి తెస్తుంది. ఆ తెట్టుని తీస్తూనే ఉండాలి. అక్కడ బద్ధకించినవాడి బెల్లం మండీలో దొరికిపోతుంది. రసం పొంగి పెనం దాటబోతే ఓ చుక్క ఆముదం వేస్తారు, పొంగు చప్పున కూర్చుంటుంది.

రెండు మూడు గంటలు ఇలా కాగాక పాకం వేడి 116, 118 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఈ అంకె వ్యవసాయ పరిశోధనా కేంద్రాల కాగితాల్లో ఉంటుంది. పెనం దగ్గర ఉండేది ఒక గిన్నెడు చల్లటి నీళ్ళు. పాకం చూసేవాడు తెడ్డుతో కాస్త తీసి అందులో వేస్తాడు, వేళ్ళతో ఉండ చేస్తాడు, అంచుకేసి కొడతాడు. టక్‌మంటే దించెయ్యాలి. అరిసెలు వండే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, తీగపాకానికీ ఉండపాకానికీ తేడా ఎన్ని నిమిషాలో తెలుసు. వంటింట్లో ఆ నిమిషాలు తప్పితే అరిసె రాయవుతుంది. ఇక్కడ తప్పితే పెనమంతా, అంటే అరవై డెబ్భై కిలోల సరుకు, మాడు వాసనతో నల్లగా దిగుతుంది. టన్ను చెరుకుకి వచ్చే బెల్లం ఇంచుమించు వంద కిలోలు, గడ బాగుంటే ఇంకొంచెం. పన్నెండు నెలలు నీళ్ళు కట్టిన పంట మంచిచెడ్డలు ఆ చివరి ఐదు నిమిషాల్లో ఒక మనిషి వేళ్ళ మధ్య తేలతాయి.

ఇలాంటి మనిషి చరిత్రలో ఎక్కడ కనిపిస్తాడు అని వెతికితే, పన్నుల దగ్గర. విజయనగర కాలపు కన్నడ శాసనాల్లో ‘ఆలెదెరె’ అని ఒక పన్ను వస్తుంది. ఆలె అంటే చెరుకు గానుగ. హిందూపురం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళలో బెల్లం వండే పాకని ఇప్పటికీ ‘ఆలెమనె’ అనే అంటారు. పెనుకొండ ఆ రాజ్యంలో ముఖ్యమైన కోట, 1565 యుద్ధం తర్వాత రాజధాని కూడా. రాజధాని గురించి రాసేవాళ్ళంతా గగన్ మహల్ దగ్గర ఆగుతారు. కొండ కింద చెరువు, ఆ చెరువు కింద మడి, ఆ మడి గట్టున గానుగ, దానిమీద పన్ను: వీటికి శిథిలాలు మిగలవు కాబట్టి ఫోటోలూ ఉండవు.

ఇక్కడ ఒక సహజమైన అనుమానం రావాలి. అనంతపురం ప్రాంతంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర. చెరుకుకి కావలసిన నీళ్ళు 1500 నుంచి 2500 మిల్లీమీటర్లు. మరి దేశంలోనే బాగా వాన తక్కువున్న చోట చెరుకెలా పండింది?

జవాబు పెన్న ఇసకలో ఉంది. నందికొండల్లో పుట్టిన పెన్న ఆంధ్రలోకి అడుగుపెట్టేది హిందూపురం దగ్గరే. జయమంగళి వచ్చి ఆ చుట్టుపక్కలే కలుస్తుంది. రెండూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే కనిపిస్తాయి. కానీ ఇసక కింద నీళ్ళు కదులుతుంటాయి. నది పడకలో ఏటవాలుగా కాలువ తవ్వితే ఆ ఊట అందులో చేరి, ఏ ఎత్తిపోతా లేకుండా, పొలందాకా తనంతట తానే నడిచి వస్తుంది. వీటిని ఊటకాలువలు అంటారు. సరిహద్దు దాటి మధుగిరి, పావగడ వైపు వెళ్తే ఇదే పద్ధతికి ‘తలపరిగె’ అని పేరు. వరద వచ్చిన ప్రతిసారీ ఊటకాలువ ఇసకతో పూడుతుంది. ఆయకట్టు రైతులంతా కలిసి మళ్ళీ తీసుకోవాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చెరుకు అన్నది ఇక్కడ ఊరంతా కలిసి పారపట్టిన నీటి మీద నిలబడిన పంట. మనం రంగు గురించి మాట్లాడుకుంటున్నాం కనుక ఇంకో మాట కూడా చెప్పాలి: ఇసకలో వడపోసుకుని వచ్చిన ఆ ఊటనీళ్ళు చాలామటుకు తియ్యటివి. తియ్యటి నీళ్ళ చెరుకు రసంలో లవణాలు తక్కువ, కాబట్టి బెల్లం తేటగా దిగుతుంది. దీని సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

టిప్పు పడిపోయిన మరుసటి ఏడాది, 1800లో, ఈ నేల మీద గీత పడింది. ఇటువైపు దత్తమండలాలు కంపెనీ చేతికి, థామస్ మన్రో లెక్కల కిందికి వచ్చాయి. అటువైపు మైసూరు. ఆ ఏడాదే ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మైసూరు దేశమంతా తిరుగుతూ ఏ ఊళ్ళో ఏం పండుతుందో, ఏం వండుతారో రాసుకున్నాడు. చెరుకు రకాలు కూడా రాశాడు: రసదాళి, పట్టాపట్టి, మరకబ్బు వగైరా. (ఆయన స్పెల్లింగుల్లోంచి ఈ పేర్లని వెనక్కి లాక్కోవడం కొంచెం పనే.) ఇవి లావుగా, మెత్తగా, నమిలి తినడానికి కూడా బాగుండే నాటు చెరుకులు. గీతకి అటూ ఇటూ ఉన్నది ఒకే రకం నేల, ఒకే రకం వంట.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో రెండు ఇనప వస్తువులు వచ్చి ఈ పనిని మార్చేశాయి. ఒకటి ఇనప గానుగ. 1870లలో బీహారులోని బేహియా అనే చోట థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఇనప రోలర్ల గానుగ తయారుచేశారు. ఎద్దులతోనే తిరిగేది గానీ చెక్క గానుగకంటే ఎక్కువ రసం పిండేది. దాని నమూనాలు దేశమంతా పాకాయి. రెండోది రైలు. 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకి మీటర్ గేజి లైను పడింది. ధర్మవరం దగ్గర పాకాల లైను కలిసింది. అంతకుముందు బండి మీద ఎంతదూరం పోతే అంతవరకే పోయిన బెల్లం ఇప్పుడు అటు బెంగళూరు, ఇటు బళ్ళారి, కింద చిత్తూరు మీదుగా తమిళ దేశం దాకా పోగలిగింది. 20వ శతాబ్దం మొదట్లో అచ్చయిన గెజెటీర్లలో హిందూపురం వ్యాపారం గురించి రాసినచోట బెల్లం ముందు వరసలో ఉంటుంది. ఊరు పెరిగిందే మండీల వల్ల.

రంగు విషయంలో రైలు చేసిన మార్పు చిన్నదేం కాదు. సంతలో అమ్మినప్పుడు కొనేవాడికి వండినవాడు తెలుసు. ‘ఫలానా వాళ్ళ గానుగ బెల్లం’ అంటే చాలు. రైలెక్కిన బెల్లానికి ఆ పేరు ఉండదు. ఎక్కడో కూర్చున్న వ్యాపారికి తెలియని మనిషి వండిన సరుకుని పోల్చుకోవడానికి ఒక గుర్తు కావాలి. కంటికి కనబడే గుర్తు రంగే. మండీలో రంగుకి విలువ కట్టడం అప్పుడే కొత్తగా పుట్టిందని అనలేను గానీ, దానికి అంత బలం వచ్చింది మాత్రం సరుకు దూరం వెళ్ళడం మొదలెట్టాకే అని నా నమ్మకం.

ఆ గుర్తుని తెలుపు వైపు నెట్టింది ఫ్యాక్టరీ చక్కెర. మొదట జావా చక్కెర ఓడల్లో వచ్చింది. 1932లో చక్కెర పరిశ్రమకి రక్షణ సుంకం చట్టం వచ్చాక దేశంలో మిల్లులు నాలుగైదేళ్ళలో ముప్పై చిల్లర నుంచి నూట ముప్పై పైకి పోయాయి. తెల్ల చక్కెర పక్కన పెట్టి చూసినప్పుడు ఎర్రటి బెల్లం మోటుగా కనిపించింది. చక్కెర దొరల ఇంటిదీ బెల్లం కూలివాళ్ళదీ అయ్యాక, బెల్లంలోనే చక్కెరకి దగ్గరగా ఉన్నదానికి, అంటే తేనెరంగు నుంచి లేతపసుపు దాకా వెళ్ళిన దానికి, ఎక్కువ ధర. తరవాతి రోజుల్లో నిజాం షుగర్స్ సంస్థ హిందూపురంలో కూడా ఒక చక్కెర మిల్లు నడిపింది. అయినా ఈ వైపు చెరుకు ఎక్కువగా గానుగనే నమ్ముకుంది. మిల్లు డబ్బు ఎప్పుడిస్తుందో మిల్లుకే తెలియదు, మండీ సాహుకారు వడ్డీ వేసుకున్నా చేతిలో పెడతాడు.

చెరుకు కూడా మారింది. 1912లో కోయంబత్తూరులో చెరుకు సంకర కేంద్రం మొదలైంది. బార్బర్, వెంకటరామన్ అక్కడ చేసిన పని ఏమిటంటే తియ్యటి లావు చెరుకుని నదుల ఒడ్డున పెరిగే రెల్లుగడ్డితో కలపడం. పెన్న గట్టున ఎవరూ పట్టించుకోని రెల్లు దుబ్బుకి ప్రపంచంలోని చక్కెర పంటంతా ఋణపడి ఉంది. దక్కనులో బాగా నిలిచిన ‘కో 419’ ఆ కేంద్రం ఇచ్చిన రకమే. మైసూరు సంస్థానం వాళ్ళు బెంగళూరు హెబ్బాళలో సొంతంగా ‘హెచ్.ఎం.’ రకాలు తయారుచేశారు. అక్కడి వ్యవసాయ శాఖకి అధిపతి లెస్లీ కోల్మన్, కెనడాలోని ఆంటారియోలో పుట్టినవాడు. 1908లో వచ్చి 1934 దాకా ఉన్నాడు.

కోల్మన్ పుట్టిన చోటికి ఒకసారి వెళ్ళొద్దాం, ఎందుకంటే ఈ రంగు గొడవ అక్కడా ఉంది. ఆంటారియో, క్యూబెక్, దాని కింద అమెరికాలోని వెర్మాంట్, ఇవన్నీ మేపుల్ చెట్ల దేశం. చలికాలం చివర రాత్రిళ్ళు గడ్డకట్టి పగళ్ళు కరిగే కొన్ని వారాల్లో చెట్టు మానుకి చిన్న రంధ్రం చేస్తే రసం కారుతుంది. అది నీళ్ళలా పల్చన. నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. చిన్న రైతులు పాకల్లో, పొడవాటి పెనాల్లో, రాత్రంతా మంట వేసి కాస్తారు. వాళ్ళ సీజను మన గానుగల సీజను చివరి వారాలతో కలుస్తుంది. సీజను మొదట్లో పాకం లేతరంగు, పోనుపోను ముదురు. అక్కడ కూడా వంద ఏళ్ళ పైగా లేతదే మొదటి రకం. ఎందుకంటే ఒకప్పుడు వాళ్ళు కూడా దాన్ని తెల్ల చక్కెరతో పోల్చుకున్నారు, ఎంత తక్కువ చెట్టు వాసన ఉంటే అంత గొప్ప. ముదురుది ‘బి’ రకం, వంటకి పనికొచ్చేది. తీరా కొనేవాళ్ళే ఆ ‘బి’ రకాన్ని వెతుక్కుని కొనడం మొదలెట్టాక, 2014లో వెర్మాంటు, 2015లో అమెరికా ప్రభుత్వం వర్గీకరణే మార్చేశాయి. ఇప్పుడు బంగారు రంగు నుంచి చిక్కటి నలుపు దాకా అన్నీ ‘ఎ’ రకమే. రంగు పేరుతోపాటు రుచి ఎలా ఉంటుందో రాస్తారు. వండేవాడు సీజను చివర దిగిన పాకానికి తలదించుకోనక్కరలేదు.

మన దగ్గర అటువంటి మార్పు ఏదీ రాలేదు. వచ్చింది హైడ్రోసు. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే తెల్లపొడి, బట్టల మిల్లుల్లో రంగు విరగ్గొట్టడానికి వాడేది. దించే ముందు పాకంలో గుప్పెడు చల్లితే కళ్ళముందే ఎరుపు విరిగి పసుపవుతుంది. గంధకం మిగిలిపోతుంది కాబట్టి ఆహార చట్టాలు బెల్లంలో దానికి పరిమితి పెట్టాయి. చల్లేవాడికి ఆ గుప్పెడులో ఎంతుందో తెలియదు. విచిత్రం ఏమిటంటే ఆ తెలుపు నిలవదు. కొన్ని వారాలు నిలవుంటే గాలి తగిలి మళ్ళీ నల్లబడుతుంది. వేలం రోజు పసుపుగా ఉంటే చాలు, తర్వాత కొన్నవాడి ఖర్మ.

దీన్ని రైతు దురాశ కింద తీసిపారెయ్యడం సులువు, పట్నంలో చాలామంది అదే చేస్తారు. కానీ ఊటకాలువల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. కరెంటు మోటార్లు, తర్వాత బోర్లు వచ్చాక నీళ్ళు ఊరుమ్మడి నుంచి ఎవరికి వారైపోయాయి. ఇసక కింది ఊట తగ్గింది. పైన ధార లేనప్పుడు కాలువ పూడిక తీసేదెవరు? ఒక్కొక్కటే పూడిపోయాయి. లోతుకెళ్ళేకొద్దీ చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగిల్లాయి. ఉప్పు నీళ్ళు, చౌడు నేల చెరుకుని చంపవు, రసంలో లవణాలు పెంచుతాయి. ఆ రసం ఎంత చేయితిరిగినవాడు వండినా ముదురు రంగులో, తేమ పీల్చే మెత్తటి బెల్లమవుతుంది. మండీ మాత్రం పాత రంగే అడుగుతుంది. నీళ్ళు పోగొట్టిన రంగుని తెచ్చిపెట్టడానికి చేతిలో ఉన్నది ఆ పొడి. తప్పు కాదని నేననను. ఆ పొడి డబ్బా మూత తీసింది మాత్రం ఒక్క వండేవాడి చెయ్యే కాదు.

ముదురు రంగు బెల్లానికి ఇంకో ప్రమాదం ఉంది, అది ధరకంటే పెద్దది. నాటుసారాకి ఊటవేసేది బెల్లంతోనే, అదీ చవకగా దొరికే నల్లబెల్లంతో. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలై 1948కల్లా అన్ని జిల్లాలకీ మద్యనిషేధం వచ్చినప్పటి నుంచీ బెల్లం మీద అబ్కారీ కన్ను ఉంది. ఆ కన్ను బాగా ఎర్రబడింది 1990లలో. దూబగుంట ఆడవాళ్ళ పోరాటం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. ఆ సంతకం పెట్టిన ఎన్టీ రామారావు 1985 నుంచీ వరసగా హిందూపురం ఎమ్మెల్యేనే. నిషేధం 1997లో సడలింది గానీ నల్లబెల్లం మీద నిఘా పోలేదు. లారీలు ఆపడం, సరుకు పట్టుకోవడం, వ్యాపారుల మీద కేసులు. నల్లగా ఉన్నంత మాత్రాన బెల్లాన్ని పట్టుకోవచ్చా అన్న ప్రశ్న మీద కేసులు హైకోర్టు దాకా వెళ్ళాయి. సారా కుండ దగ్గర భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళ కోపం నిజం. పెనం దగ్గర కాస్త మంట ఎక్కువై నల్లబడ్డ బెల్లాన్ని ఎవరికి అమ్మాలో తెలియని రైతు భయం కూడా నిజమే. అంతకుముందు ముదురు రంగు అంటే తక్కువ ధర. ఇప్పుడు అనుమానం కూడా.

ఈ రెండిటి మధ్యా నలిగి చాలామంది పొయ్యి ఆర్పేశారు. కారణం ఇదొక్కటే కాదు. అదే నీటితో మల్బరీ వేస్తే ఏడాదికి నాలుగైదు సార్లు పట్టుగూళ్ళు చేతికొస్తాయి. హిందూపురంలోనే గూళ్ళ మార్కెట్టు ఉంది, ధర్మవరంలో మగ్గాలున్నాయి. చెరుకు గడ పన్నెండు నెలలు ఆగమంటుంది, అంతకాలం బోరు నిలుస్తుందన్న నమ్మకం లేదు. చెరువుల కింద గానుగ పాకలున్న చోట్ల ఇప్పుడు పురుగుల షెడ్లు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. హిందూపురం మార్కెట్టు పేరు చెబితే ఇవాళ ఎవరికైనా గుర్తొచ్చేది చింతపండు, ఎండుమిర్చి. బెల్లానికి పేరంటే అనకాపల్లి, చిత్తూరు.

మిగిలినవాళ్ళ దగ్గరికి ఇప్పుడు కొత్తరకం గిరాకీ వస్తోంది. వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరుంది. అక్కడి దుకాణాల్లో ‘మందు కలపని బెల్లం’ అని అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేది ముదురు గోధుమరంగుది. ఎంత ముదురైతే అంత నమ్మకం. కొనేవాడు ఇప్పుడు కూడా రంగే చూస్తున్నాడు, తలకిందులుగా. దాంతో ఇంకో తమాషా మొదలైంది: మడ్డి సరిగ్గా తియ్యనిదీ మాడిందీ కూడా ‘సహజమైనది’ పేరుతో పోతుంది. బెండ జిగురుతో, ఓపికగా తెట్టు తీసి, తేటగా దించిన మంచి బెల్లాన్ని చూసి మందు కలిపారేమో అని పక్కన పెట్టేవాళ్ళున్నారు.

గానుగల దగ్గర ఒక పాత అలవాటు ఉంది, ఈ ప్రాంతంలోనే కాదు, చెరుకు వండే చాలా చోట్ల ఉంది. రోజంతా మండీకి పోయే పెనాల్లో పొడి పడుతుంది. మధ్యలో ఒక పెనానికి మాత్రం డబ్బా మూత తియ్యరు. అది ఇంటికి. పిల్లలకి, సంక్రాంతికి, ఉగాది పచ్చడికి, పురిటికి వచ్చిన కూతురికి. దాని రంగు గురించి ఎవరూ మాట్లాడరు, అచ్చుల్లో పొయ్యకముందే గరిటెతో అరచేతిలో వేసుకుని ఊదుకుంటూ నాకి చూస్తారు. బెంగళూరు నుంచి కారులో వచ్చినవాళ్ళు అడిగేది ఆ పెనమే, కిలోకి రెండింతలు ఇస్తామని. ఇస్తున్నారు కూడా. కానీ వాళ్ళకి కావలసింది పది కిలోలు, ఇరవై కిలోలు. ఆ రోజు దిగిన మిగతా పెనాలన్నీ సాయంత్రానికి లారీ ఎక్కి వేలానికే పోవాలి. అక్కడ అచ్చు విరిచి వెలుతురులో పెట్టి చూసే మనిషి ఇంకా అలాగే చూస్తున్నాడు.